12.5 కొడితే 125: డెస్క్‌టాప్ ఫారాల్లో సంఖ్యల తనిఖీ ఎక్కడ తప్పుతోంది?

పూర్ణసంఖ్యలు మాత్రమే తీసుకునే గడి ఒకటి ఉందనుకుందాం. అంకెలు తప్ప ఇంకేదీ పడకుండా ప్రోగ్రామర్ కీప్రెస్ ఈవెంట్‌లో (ఒక్కో కీ నొక్కగానే నడిచే కోడ్‌లో) రెండు లైన్లు రాసి పెట్టారు. వాడే మనిషి ముందు కాగితం ఉంది, అందులో 12.5 అని రాసి ఉంది. చూపు కాగితం మీదే ఉంచి 1, 2, చుక్క, 5 కొట్టి ట్యాబ్ నొక్కారు. చుక్కను గడి మింగేసింది. తెర మీద 125 మిగిలింది. ఎర్ర గుర్తు లేదు, బీప్ లేదు, మెసేజ్ లేదు. ప్రోగ్రామ్ దృష్టిలో అది నిఖార్సైన పూర్ణసంఖ్య. పదిరెట్లు పెరిగిన విలువ అలాగే డేటాబేస్‌లోకి వెళ్లిపోయింది.

ఆ రెండు లైన్లే లేకపోతే గడిలో 12.5 అలాగే ఉండేది. సేవ్ కొట్టగానే "ఇక్కడ పూర్ణసంఖ్య ఉండాలి" అని ప్రోగ్రామ్ అడ్డుచెప్పేది, ఆ మనిషి కాగితం మళ్లీ చూసుకునేవారు. తనిఖీ కోసమని పెట్టిన కోడే పట్టుబడాల్సిన తప్పును దాచిపెట్టింది. సంఖ్యల గడుల మీద జరిగే చర్చంతా చెత్త లోపలికి రాకుండా ఎలా ఆపాలన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దానికంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: మనిషి కొట్టిందొకటి, ప్రోగ్రామ్ తీసుకున్నదొకటి అయ్యే చోట్లు ఎన్ని ఉన్నాయి? వెతికితే చాలానే బయటపడతాయి.

ముందుగా కీప్రెస్ సంగతే చూద్దాం. విండోస్ డెస్క్‌టాప్ ఫారాలు కట్టడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన విన్‌ఫార్మ్స్ నేర్చుకునేవారందరికీ తొలిరోజుల్లోనే తగిలే చిట్కా ఇది: వచ్చిన అక్షరం అంకె కాకపోతే హ్యాండిల్డ్ ప్రాపర్టీని ట్రూ చేసి, అది గడిలో పడకుండా ఆపేయడం. బ్యాక్‌స్పేస్ కూడా అక్షరంగానే వస్తుంది కాబట్టి అది పని చేయడం కోసం కంట్రోల్ అక్షరాలకు మినహాయింపు ఇస్తారు. ఆ మినహాయింపులోంచే కంట్రోల్-వీ కూడా దూరిపోతుంది. కీప్రెస్‌కు కనిపించేది ఆ ఒక్క కంట్రోల్ అక్షరమే, దాని వెనక గడిలోకి దిగే వాక్యం మొత్తం కనిపించదు. మౌస్ కుడి బటన్ మెనూ నుంచి పేస్ట్ చేస్తే ఆ మాత్రం కూడా ఉండదు. విండోస్ ఎడిట్ కంట్రోల్‌కు అంకెలు మాత్రమే తీసుకునే స్టైల్ ఒకటి సొంతంగానే ఉంది. అది పెట్టినా అంకెలు కానివి పేస్ట్ చేయొచ్చని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషనే చెబుతుంది. ఫారాలకు మైక్రోసాఫ్ట్‌దే మరో వేదిక అయిన డబ్ల్యూపీఎఫ్‌లో ఇదే పనికి ప్రివ్యూటెక్స్ట్‌ఇన్‌పుట్ వాడితే స్పేస్ కీకి ఆ ఈవెంట్ రానే రాదు.

అయితే పేస్ట్‌నే ఆపేద్దాం అనుకునేవారూ ఉన్నారు. స్ప్రెడ్‌షీట్‌లో సరిగ్గా ఉన్న సంఖ్యను చూసి మళ్లీ చేత్తో కొట్టించడమంటే తప్పు జరగడానికి కొత్త దారి తెరవడమే. పేస్ట్‌ను అనుమతించాలి, వచ్చినదాన్ని శుభ్రం చేసి చూడాలి. వెబ్ పేజీల నుంచీ వర్డ్ ఫైళ్ల నుంచీ వచ్చే సంఖ్యల చుట్టూ మామూలు స్పేస్‌లా కనిపించే నో-బ్రేక్ స్పేస్‌లు ఉంటాయి, కీబోర్డు మీది హైఫన్‌కు బదులు గణితపు మైనస్ గుర్తు ఉంటుంది. వీటిని సర్దేయడంలో తప్పులేదు, ఎందుకంటే సర్దాక కూడా విలువ అదే. విలువ మారనంత వరకు ఎంత సర్దినా మంచిదే. మారే అవకాశం ఉంటే మాత్రం చెప్పకుండా చేయకూడదు.

అంకె అంటే ఏమిటన్నది కూడా కనిపించినంత తేలిక కాదు. ఈ రెండిటికీ ఆధారమైన డాట్‌నెట్‌లో, అక్షరం అంకేనా కాదా చెప్పే క్యార్.ఈజ్‌డిజిట్ యూనికోడ్‌లోని (అన్ని లిపుల అక్షరాల పట్టికలోని) దశాంశ అంకెలన్నిటికీ ట్రూ ఇస్తుంది. 5 ఎంతో ౫ కూడా అంతే దానికి. టెక్స్ట్‌ను పూర్ణసంఖ్యగా మార్చే ఇంట్.పార్స్ మాత్రం 0 నుంచి 9 దాకా ఉన్న మామూలు అంకెలనే ఒప్పుకుంటుంది. తెలుగు కీబోర్డుతో ౫౦ కొడితే కీప్రెస్ ఫిల్టర్ దారి ఇస్తుంది, పార్స్ దగ్గర ఎక్సెప్షన్ (నడుస్తుండగా తలెత్తే లోపం) వచ్చి, దాన్ని పట్టుకునే కోడ్ లేకపోతే ప్రోగ్రామ్ పడిపోతుంది. జావా పార్స్‌ఇంట్, పైథాన్ ఇంట్ రెండూ ౫౦ని చక్కగా 50గా చదువుతాయి. అలాగని పైథాన్‌లో అంతా సవ్యమేమీ కాదు: వర్గానికి రాసే చిన్న ²ని దాని ఈజ్‌డిజిట్ అంకె అంటుంది, ఇంట్ కాదంటుంది. చెక్ చేసే ఫంక్షన్‌కు ఒక రూలు, మార్చే ఫంక్షన్‌కు ఇంకో రూలు ఉన్నప్పుడు ఈ రెండిటి మధ్య సందు తప్పదు. మార్చే ఫంక్షన్‌నే పిలిచి, అది ఒప్పుకుందో లేదో చూడటమే నమ్మదగిన తనిఖీ. 2005లో డాట్‌నెట్ 2.0తో మార్చడం కుదిరిందో లేదో ట్రూ, ఫాల్స్‌గా చెప్పే ఇంట్.ట్రైపార్స్ వచ్చింది ఇందుకే. అంతకుముందు దాకా తప్పు పూర్ణసంఖ్య వచ్చిందని తెలియడానికి ఎక్సెప్షన్ పట్టుకోవాల్సి వచ్చేది.

ట్రైపార్స్‌లోనూ ఒక మెలిక ఉంది. మార్చడం కుదరకపోతే అది ఫాల్స్ తిరిగిస్తూ, ఫలితం ఉండాల్సిన వేరియబుల్‌లో 0 పెడుతుంది. ఆ ఫాల్స్‌ను పట్టించుకోకుండా వేరియబుల్‌ను వాడుకునే కోడ్ ప్రపంచంలో కోకొల్లలు. అలాంటి చోట "ఇరవై" అని కొట్టినా, ఏమీ కొట్టకపోయినా, ముప్పై అంకెల సంఖ్య కొట్టినా ఫలితం ఒకటే: సున్నా. పాత సీ లైబ్రరీలోని ఏటూఐ ఫంక్షన్‌దీ ఇదే వరస, సున్నా కొట్టారా చెత్త కొట్టారా అన్నది దాని జవాబులో తేలదు. విజువల్ బేసిక్ వాల్ ఫంక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, అర్థంకాని అక్షరం తగలగానే అక్కడికి ఆగిపోయి అంతవరకు చదివింది ఇచ్చేస్తుంది. కామా దానికి అర్థంకాని అక్షరమే. అందువల్ల 1,200 ఇస్తే 1 వస్తుంది. జావాలో డెసిమల్‌ఫార్మాట్ కూడా అంకెల తర్వాత అక్షరాలు తగిలితే అంకెలను తీసుకుని మిగతాది వదిలేస్తుంది. ఎంతవరకు చదివిందో గుర్తుపెట్టే పార్స్‌పొజిషన్ ఇచ్చి, చదవడం స్ట్రింగ్ చివరి దాకా వెళ్లిందో లేదో చూస్తేనే ఆ వదిలేసిన ముక్క సంగతి తెలుస్తుంది.

కామా పేరెత్తాం కాబట్టి అసలు గొడవలోకి వెళ్లాలి. జర్మనీలో ఒకటిన్నరను 1,5 అని రాస్తారు, అమెరికాలో 1.5 అని. జర్మన్లు వేలను విడదీయడానికి చుక్క పెడతారు, ఫ్రెంచివారు సన్నని ఖాళీ వదులుతారు, స్విట్జర్లాండ్‌లో అపాస్ట్రఫీ వాడతారు. లక్షల లెక్కలో రాసేవారికి 12,34,567 అలవాటు. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియాల్సింది ఏమిటంటే, డాట్‌నెట్‌లో దశాంశ సంఖ్యలకు వాడే డబుల్, డెసిమల్ రకాలు రెండిటి పార్స్ కూడా వేల గుర్తును మామూలుగానే అనుమతిస్తుంది, పైగా ఆ గుర్తు సరైన చోట ఉందో లేదో చూడదు. అమెరికా ఇంగ్లీష్ సెట్టింగ్ ఉన్న కంప్యూటర్ మీద 1,5 అని కొడితే అది తప్పు అనదు, 15 అంటుంది. జర్మన్ సెట్టింగ్ ఉన్నచోట 1.5 కొట్టినా అంతే, 15. ఫ్రెంచ్ కీబోర్డు లేఅవుట్‌లోనైతే నంబర్ ప్యాడ్ చుక్కను ఇస్తుంది, అక్కడి ప్రాంతీయ సెట్టింగ్ కామాను కోరుతుంది. వాడేవారి తప్పేమీ లేకుండానే ఇబ్బంది అన్నమాట.

దీనికి చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. పార్స్‌కు ఏయే గుర్తులు ఒప్పుకోవాలో చెప్పే నంబర్‌స్టైల్స్ మనమే ఇచ్చి, అందులో వేల గుర్తుకు అనుమతి తీసేయాలి. అప్పుడు 1,5 మౌనంగా 15 అయ్యే బదులు తప్పుగా పట్టుబడుతుంది. వేల గుర్తులు కొట్టే వెసులుబాటు వాడేవారికి నిజంగా కావాలనుకుంటే, గుంపుల పొడవు సరిగ్గా ఉందో లేదో విడిగా చూసుకోవాలి. గడిలో విలువను 1,200.00 అని అందంగా చూపించి, మార్చడానికి క్లిక్ చేయగానే అదే రూపాన్ని చదవలేక తప్పు చెప్పే ఫారాలు కూడా ఉన్నాయి. తాను చూపించినదాన్ని తానే చదవలేని గడి కంటే ఏ అలంకారమూ లేని గడి నయం.

తెర మీద వాడేవారి ప్రాంతీయ సెట్టింగ్, ఫైల్లోనూ డేటాబేస్‌లోనూ ఇన్‌వేరియంట్ కల్చర్ (ఏ ప్రాంతానికీ చెందని, మారని రూపం): ఈ విభజన గట్టిగా పాటించాలి. రెండూ కలిసిపోతే ఒక కంప్యూటర్ మీద రాసిన ఫైల్ ఇంకో కంప్యూటర్ మీద పదిరెట్లో వందరెట్లో ఎక్కువగా తెరుచుకుంటుంది. డబ్ల్యూపీఎఫ్ వాడేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. విండోస్ సెట్టింగ్ ఏదైనా, దాని బైండింగ్‌లు (గడినీ వెనకున్న డేటానూ కలిపే లింకులు) డిఫాల్ట్‌గా అమెరికా ఇంగ్లీష్‌నే అనుసరిస్తాయి, లాంగ్వేజ్ ప్రాపర్టీని విడిగా సెట్ చేస్తే తప్ప.

ఇన్ని తలనొప్పులెందుకు, స్పిన్ బాక్స్ పెట్టేస్తే పోలా అనిపించడం సహజం. అంకెలు కానివి రావు, హద్దులు ఉంటాయి, పైకీ కిందికీ బాణాలు కూడా ఉంటాయి. ఆ హద్దుల దగ్గర ఏం జరుగుతుందో మాత్రం ఒకసారి కొట్టి చూడాలి. విన్‌ఫార్మ్స్ స్పిన్ బాక్స్ అయిన న్యూమెరిక్‌అప్‌డౌన్‌కు డిఫాల్ట్ గరిష్ఠం 100. అందులో 250 కొట్టి ట్యాబ్ నొక్కితే గడి మారు మాట్లాడకుండా 100 చేసేస్తుంది. డెస్క్‌టాప్ ఫారాలు కట్టడానికి వాడే మరో లైబ్రరీ క్యూట్, అందులోని క్యూస్పిన్‌బాక్స్ డిఫాల్ట్ గరిష్ఠం 99. అక్కడ అదే 250 కొడితే మూడో అంకె పడదు, 25 మిగులుతుంది. మనిషి కొట్టింది రెండుచోట్లా ఒకటే, ప్రోగ్రామ్‌కు అందినవి రెండు వేర్వేరు సంఖ్యలు, రెండూ తప్పే. పైగా ఫోకస్ (కొట్టింది పడే చోటు) ఆ గడిలో ఉండగా ఫారాన్ని కిందికి జరుపుదామని మౌస్ చక్రం తిప్పితే, ఫారం జరగడానికి బదులు విలువ మారుతుంది. కాపీల సంఖ్య, ఫాంట్ సైజు లాంటి చిన్నాచితకా వాటికి స్పిన్ బాక్స్ బాగానే ఉంటుంది. డబ్బుకూ మందు మోతాదుకూ దాన్ని వాడకపోవడమే మేలు.

క్యూట్‌లోనే ఒక మంచి ఆలోచన కూడా ఉంది. దాని వాలిడేటర్లు సరైనది, తప్పు అని రెండుగా తేల్చేయవు. మధ్యలో ఇంకా పూర్తికానిది అనే మూడో స్థితి ఉంటుంది. 18 నుంచి 60 దాకా అనుమతించే గడిలో 1 కొట్టగానే అది తప్పు కాదు, 18కి దారిలో ఉంది. ఒక్క మైనస్ గుర్తు, చివర చుక్క ఉన్న 12., ఖాళీ గడి, ఇవన్నీ అలాంటివే. ఈ మధ్య స్థితిని గుర్తించని ఫారాలు మొదటి అక్షరానికే ఎర్రబడి వాడేవారిని టెన్షన్ పెడతాయి. డబ్ల్యూపీఎఫ్‌లో ఇది ఇంకా వింతగా బయటపడింది. డబుల్ రకం ప్రాపర్టీకి టెక్స్ట్‌బాక్స్‌ను కట్టి, ప్రతి అక్షరానికీ విలువ అప్‌డేట్ అయ్యేలా పెడితే, డాట్‌నెట్ 4.5 నుంచి చుక్క కొట్టడమే కుదరదు. 12. అన్నది 12గా మారిపోయి, ఆ 12 తిరిగి తెర మీదికి వచ్చి చుక్కను చెరిపేస్తుంది. తర్వాత 5 కొడితే 125. ఇక్కడ ఫిల్టర్ కోడ్ ఒక్క లైను కూడా లేదు.

మరి తనిఖీ ఎప్పుడు చేయాలి? గడి వదిలి వెళ్లేటప్పుడు అన్నది మామూలు జవాబు. విన్‌ఫార్మ్స్ వాలిడేటింగ్ ఈవెంట్‌లో క్యాన్సిల్ ట్రూ చేస్తే ఫోకస్ అక్కడే ఆగిపోతుంది. అలా చేసిన ఫారాల్లో తప్పు సంఖ్య కొట్టినవారు సరైనది దొరికేదాకా ఆ గడిలో బందీలే. వేరే గడిలో ఏముందో చూసి రావడానికి కూడా వీలుండదు. రద్దు బటన్‌కు కాజెస్‌వాలిడేషన్ ఫాల్స్ పెట్టడం మరిచిపోతే అది కూడా నొక్కలేరు. ఎర్రర్‌ప్రొవైడర్‌తో పక్కన గుర్తు చూపించి, మనిషిని వెళ్లనిచ్చి, సేవ్ దగ్గర ఆపడం మర్యాదైన పద్ధతి.

ఆ సేవ్ దగ్గరే మరో రెండు సందులున్నాయి. చివరి గడిలో కొట్టి, అక్కడి నుంచి కదలకుండానే కంట్రోల్-ఎస్ నొక్కితే ఫోకస్ మారదు, గడి వదిలే ఈవెంట్ రాదు, తనిఖీ జరగదు. టూల్‌స్ట్రిప్ బటన్లు కూడా ఫోకస్ తీసుకోవు కాబట్టి వాటితో సేవ్ చేసినా ఇదే కథ. రెండోది డబ్ల్యూపీఎఫ్‌ది. కొట్టినదాన్ని సంఖ్యగా మార్చడం కుదరకపోతే గడి చుట్టూ ఎర్ర గీత వస్తుంది, వెనక ఆబ్జెక్ట్‌లో మాత్రం పాత విలువే ఉండిపోతుంది. ఎర్ర గీతను చూసుకోకుండా సేవ్ నొక్కితే, సేవ్ కోడ్ ఆబ్జెక్ట్‌నే నమ్ముకుంటే, పాత విలువ భేషుగ్గా సేవ్ అయి "విజయవంతం" అని మెసేజ్ కూడా వస్తుంది. అందుకే సేవ్ రొటీన్ ఏ ఈవెంట్ జరిగిందో జరగలేదో పట్టించుకోకుండా, ఫారం మొత్తాన్ని తనంతట తాను మొదటి నుంచి తనిఖీ చేయాలి. విన్‌ఫార్మ్స్‌లో గడులన్నిటినీ ఒకేసారి తనిఖీ చేయించే వాలిడేట్‌చిల్డ్రన్ ఉన్నది ఇందుకే.

సంఖ్యగా మారింది కదా అని పని అయిపోదు. ఖాళీ గడినీ సున్నానూ ఒకటిగా చూడటం చాలా మామూలు పొరపాటు. ఏమీ చెప్పకపోవడం వేరు, సున్నా అని చెప్పడం వేరు. సున్నా చెల్లుతుందా లేదా అన్నది ఆ గడి అర్థాన్ని బట్టి తేలాలి. 1997 సెప్టెంబరు 21న అమెరికా నౌకాదళానికి చెందిన యార్క్‌టౌన్ నౌకలో సిబ్బంది ఒకరు డేటాబేస్ ఫీల్డులో సున్నా నమోదు చేశారు. ప్రోగ్రామ్ ఆ సున్నాతో భాగించబోయింది, ఆ దెబ్బ నెట్‌వర్క్ అంతా పాకి నౌకను నడిపే వ్యవస్థే ఆగిపోయింది. సుమారు రెండుముప్పావు గంటలసేపు ఆ నౌక నీటి మీద కదలకుండా ఉండిపోయింది. సున్నా అంకెగా నూటికి నూరుపాళ్లు సరైనదే.

హద్దులు రాసేటప్పుడు డబుల్ రకంతో ఒక జాగ్రత్త అవసరం. దాని పార్స్ నాట్-ఎ-నంబర్‌ను సూచించే మూడక్షరాల మాటనూ, ఇన్ఫినిటీనీ కూడా సంఖ్యలుగానే ఒప్పుకుంటుంది. నాట్-ఎ-నంబర్‌ను ఎక్కువా, తక్కువా, సమానమా అని దేనితో పోల్చినా ఫాల్సే వస్తుంది. కనిష్ఠం కంటే తక్కువైతే తప్పు, గరిష్ఠం కంటే ఎక్కువైతే తప్పు అని రాసిన కోడ్‌లో అది రెండు పరీక్షలూ దాటేస్తుంది. కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య ఉంటేనే ఒప్పు అని తిప్పి రాస్తే దొరికిపోతుంది. డబ్బుకు డబుల్ వాడకూడదన్నది అందరికీ తెలిసిందే: 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చే రకం అది. ఇక ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు సంఖ్యలే కావు. వాటిని ఎవరూ కూడరు, సగటు తీయరు. సంఖ్యగా మారిస్తే ముందున్న సున్నాలు పోతాయి, 32 బిట్ల పూర్ణసంఖ్యకు 2147483647 దాటి చోటు లేదు. వాటిని టెక్స్ట్‌గానే ఉంచాలి.

అన్నిటికంటే కష్టమైన తప్పు విడివిడిగా చూస్తే సరైన సంఖ్యలదే. 2005 డిసెంబరు 8న టోక్యోలో మిజుహో సెక్యూరిటీస్ ఉద్యోగి ఒకరు జే-కామ్ కంపెనీ షేరు ఒకటి 6,10,000 యెన్లకు అమ్మమన్న ఆర్డరును తారుమారు చేసి, 6,10,000 షేర్లు, ఒక్కోటి 1 యెన్‌కు అని కొట్టారు. రెండు గడుల్లోనూ ఉన్నవి నిఖార్సైన పూర్ణసంఖ్యలే. తెర మీద హెచ్చరిక వచ్చింది, దాన్ని దాటేశారు. నష్టం సుమారు 4,000 కోట్ల యెన్లకు చేరింది. ఆ కంపెనీ జారీ చేసిన షేర్లు మొత్తం 14,500 మాత్రమే. ఆర్డరు దానికి 42 రెట్లు.

ఇలాంటి చోట రెండు రకాల హద్దులు కావాలి. ఉన్న షేర్ల కంటే ఎక్కువ అమ్మడం లాంటి అసాధ్యమైన వాటికి "అయినా కానివ్వు" అనే బటన్ ఉండకూడదు. అరుదే కానీ సాధ్యమే అనిపించే వాటికి హెచ్చరిక చాలు, ఆ హెచ్చరికలో మాత్రం విషయం ఉండాలి. "ఖచ్చితమేనా?" అని రోజుకు వందసార్లు అడిగే డబ్బా కనిపించగానే వేలు దానంతటదే ఎంటర్ నొక్కేస్తుంది. "6,10,000 షేర్లు, ఒక్కోటి 1 యెన్. కంపెనీ మొత్తం షేర్లు 14,500" అని ఉంటే కన్ను ఆగుతుంది. మామూలు తప్పుల మెసేజ్‌లకూ ఇదే వర్తిస్తుంది. "ఇన్‌పుట్ స్ట్రింగ్ వాజ్ నాట్ ఇన్ ఎ కరెక్ట్ ఫార్మాట్" అన్న డాట్‌నెట్ వాక్యం ప్రోగ్రామర్ కోసం రాసింది, దాన్ని తెచ్చి వాడేవారి ముందు పెట్టడం బద్ధకమే. ఏ గడి, ఏం కొట్టారు, ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చు అన్న మూడూ చెబితే సరిపోతుంది. కొట్టినదాన్ని గడిలోంచి చెరిపేయకూడదు కూడా, తప్పెక్కడుందో చూసుకోవడానికి మిగిలేది అదొక్కటే.

ఫారం ఎంత పకడ్బందీగా ఉన్నా డేటాబేస్‌లో చెక్ కన్‌స్ట్రెయింట్ (హద్దు దాటిన విలువను డేటాబేసే తిరస్కరించే నియమం) ఉండాల్సిందే. రేపు అదే టేబుల్‌లోకి ఇంకో ప్రోగ్రామో, ఇంపోర్ట్ స్క్రిప్టో రాయదన్న హామీ లేదు. పరీక్షించేటప్పుడు ప్రతి గడిలోనూ కొట్టి, పేస్ట్ చేసి, వీలైతే మౌస్‌తో లాగి పడేసి చూడాల్సినవి ఇవి: ఖాళీ, ఒక్క స్పేస్, ఒక్క మైనస్, -0, 007, 1,5, 1.5, 1.2.3, ౫౦, 2147483648, గరిష్ఠానికి ఒకటి ఎక్కువ, కనిష్ఠానికి ఒకటి తక్కువ. ప్రతిసారీ చూడాల్సింది ప్రోగ్రామ్ పడిపోయిందా లేదా అని మాత్రమే కాదు, సేవ్ అయిన విలువ కొట్టిన విలువేనా అని. ఇదంతా ఒకసారి అమెరికా సెట్టింగ్‌తో, ఒకసారి జర్మన్ సెట్టింగ్‌తో చేయాలి. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ప్రోగ్రామ్ వాడే ప్రాంతీయ సెట్టింగ్‌ను, అంటే కరెంట్‌కల్చర్‌ను మార్చే ఒక్క లైను పెట్టుకుంటే రెండో విడతకు వేరే కంప్యూటర్ వెతుక్కోనక్కర్లేదు.